చెవిటి శ్రుతి

ఆ వీధిలో ఆమెను అందరూ సోఫాలమ్మ అనేవారు. అసలు పేరుతో పిలిచేది బ్యాంకువాళ్లూ, ఆస్పత్రివాళ్లూ మాత్రమే. పాత సోఫాలు, కుర్చీలు, కారు సీట్లు విప్పి, లోపల అణిగిపోయిన స్పాంజి తీసేసి, స్ప్రింగులు సరిచేసి, కొత్త గుడ్డ తొడగడం ఆమె పని. కొట్టంటే ఒక పొడుగాటి గది, అంతే. ముందు వైపు షట్టరు, వెనక వైపు చిన్న కిటికీ. మధ్యాహ్నం దాటాక ఆ కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడితే గాలిలో తేలే దూదిపోగులు బంగారు నలుసుల్లా మెరిసేవి. నోట్లో చిన్న మేకులు పెట్టుకుని, చేతిలో సుత్తి అలాగే ఉంచి, వాటిని చూస్తూ ఉండిపోవడం ఆమెకు అలవాటు. అప్పుడెవరైనా వస్తే చేత్తోనే జవాబు చెప్పేది. నోట్లో మేకులున్నంతసేపూ తన భార్యంత నెమ్మదస్తురాలు లోకంలో లేదని ఆమె భర్త అందరికీ చెప్పేవాడు. ఆయన సిటీ బస్సులో కండక్టరు. రోజంతా జనాన్ని ముందుకు జరగమని అరిచి అరిచి, ఇంట్లో మాత్రం మెల్లగా మాట్లాడేవాడు.

మేకులున్నా లేకపోయినా ఆమె ముక్కుతో ఒక రాగం తీస్తూ ఉండేది. దానికి మాటలు లేవు. వాళ్లమ్మ దగ్గర నుంచి వచ్చింది. చిన్నప్పుడు వాళ్లు మూడో అంతస్తులో ఉండేవారు. పొద్దువాలే వేళకు తక్కిన తల్లులంతా పిల్లల్ని పేరు పెట్టి, ఇంటిపేరు కూడా కలిపి కేకలేసేవారు. వాళ్లమ్మ మాత్రం పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, వీధిలోకి చూస్తూ ఆ రాగం తీసేది. ఇంక ఆటలు చాలు, ఇంటికి రా అని దానర్థం. నీకు పేరు లేదా అని తోటిపిల్లలు ఏడిపించేవారు. ఆమెకు సిగ్గేసేది. అయినా ఒక్కసారి కూడా, అలా కాదు, పేరు పెట్టి పిలువు అని అమ్మతో అనలేదు. ఆ రాగం మేడమీద నుంచి కిందికి దిగి వస్తుంటే, చెయ్యి పట్టుకుని ఎవరో మెట్లు ఎక్కిస్తున్నట్టుండేది.

అమ్మకు తనవాళ్లంటూ లేరు. అడిగితే మాట దాటేసేది. మరీ పట్టుబడితే ఒక్కటే చెప్పేది: "చిన్నప్పుడే పెంపకానికి ఇచ్చేశారు. అక్కర్లేకే ఇచ్చారు. మనం అక్కర్లేనివాళ్లు మనకెందుకు?" పెంచిన పెద్దమ్మ ఊరు తర్వాత ఊరు మారుతూ పోయిందట. పుట్టింది ఏ ఊరో కూడా అమ్మకు సరిగ్గా తెలియదు. తెల్లగా ఉండేదని మాత్రం ఒకటి రెండుసార్లు అంది. ఊరు తెల్లగా ఉండడమేమిటని కూతురు నవ్వితే తనూ నవ్వేసింది. కొన్నాళ్లకు అమ్మ పోయింది. రాగం మిగిలింది.

ఒకరోజు సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక పెద్దాయన గిటారు పెట్టె మోసుకుంటూ కొట్టుకు వచ్చాడు. బడిలో సంగీతం చెప్పి రిటైరైన మాస్టారు. పుస్తకం చూసి కాక, తండ్రి వేళ్లు చూసో పక్కింటివాడి వేళ్లు చూసో నేర్చుకున్న గిటారు పాటల కోసం ఊళ్లు పట్టుకు తిరగడం ఇప్పుడాయన పని. పెట్టె లోపలి మఖమల్ పొడిపొడిగా రాలిపోతోందనీ, బస్సు కుదిపినప్పుడల్లా గిటారు లోపల కొట్టుకుంటోందనీ చెప్పాడు. గిటారును కూడా వదిలి వెళ్లమంది ఆమె. మనిషిని చూడకుండా చొక్కా కుట్టలేనట్టే, గిటారును చూడకుండా పరుపు కుట్టలేనంది. ఆయన పసిబిడ్డను తెలియనివాళ్ల చేతికి ఇవ్వాల్సి వచ్చినట్టు మొహం పెట్టాడు. చివరికి, పని అయ్యేదాకా తనే ఇక్కడ కూర్చుంటానన్నాడు. కొత్త స్పాంజి వేసిన ఒక సోఫా చూపించి, ఎక్కడైనా పల్లంగా అనిపిస్తే చెప్పమని అందులో కూర్చోబెట్టింది.

ఊరికే కూర్చోలేక ఆయన వాయించడం మొదలుపెట్టాడు. ఆమె అంతవరకు గిటారంటే పెళ్లిళ్లలో కుర్రాళ్లు హోరెత్తించేదే అనుకుంది. ఇది వేరు. పాలు పితికేవాళ్ల పాటట, రెండు చేతులూ ఒకటి తర్వాత ఒకటి గుంజుతున్నట్టే నడిచింది. రాళ్లు కొట్టేవాళ్ల పాటలో మధ్యమధ్య ఖాళీ. అక్కడ సమ్మెట పడాలట. అది రాగానే ఆమె తెలియకుండానే ఆ ఖాళీలో మేకు మీద సుత్తి వేసింది. ఆయన కళ్లు తెరిచి చూసి, మళ్లీ అదే వాయించాడు. మళ్లీ వేసింది. కిటికీలోంచి ఎండ జరుగుతూ జరుగుతూ గోడ ఎక్కింది. గది పొడుగు పెరిగి, ఆ చివర ఇంకెవరి వాకిట్లోకో తెరుచుకున్నట్టనిపించింది ఆమెకు.

ఆయన ఆపాక కూడా ఆ హాయిలోనే ఉండి, అలవాటుగా తన రాగం తీసింది. మాస్టారు మెడ ఇటు తిప్పాడు. అది ఎక్కడిదని అడిగాడు. మా అమ్మది అని చెప్పి, ఇంకోసారి అడిగితే సిగ్గుపడుతూ ఇంకోసారి తీసింది. ఆయన తీగల మీద వెతికాడు. స్వరాలన్నీ దొరికాయి గానీ పాట నిలబడలేదు. కొత్త చెప్పుల్లో నడిచినట్టు ఎక్కడో కరుస్తోంది. తర్వాత, ఏదో గుర్తొచ్చినవాడిలా, పైనున్న రెండు లావు తీగలను వదులు చేశాడు. ఇంకా, ఇంకా చేశాడు. తీగ ఊడి వస్తుందేమోనని ఆమె భయపడింది. అప్పుడు బొటనవేలితో ఆ లావు తీగలను మోగిస్తూ, మిగతా వేళ్లతో రాగం పలికించాడు.

ఆమె చేతిలోని కత్తెర కిందపెట్టేసింది. ఇన్నేళ్లూ తాను విన్నది ఈ పాటలో పైపొర మాత్రమే. కింద ఇంకొకటి నడుస్తోంది. పెద్ద గుండె కొట్టుకుంటున్నట్టు నిదానంగా, బరువుగా. నేల మీద ఆనించిన కాళ్లలోకి ఆ మోత పాకింది.

అలా తీగలు దించడం తాను ఒక్క చోటే విన్నాననీ, సముద్రం పక్కన ఉప్పు పండించే ఊరనీ మాస్టారు చెప్పాడు. అక్కడివాళ్లు దాన్ని చెవిటి శ్రుతి అంటారట. ఎందుకని అడిగితే అందరూ భుజాలెగరేశారట. మోత మొద్దుగా ఉంటుంది కాబట్టి వేళాకోళానికి పెట్టిన పేరై ఉంటుందని ఆయన ఊహ. మా అమ్మకూ ఎడమ చెవి వినబడేది కాదు, ఆవిడకు తగ్గ పాటే దొరికిందని ఆమె నవ్వింది. ఇద్దరూ దాన్ని అక్కడితో వదిలేశారు.

మర్నాడు ఆయన చిన్న రికార్డరు పట్టుకొచ్చాడు. కొన్నేళ్ల కిందట ఆ ఊళ్లో ఒక ముసలాయన వాయించగా పట్టిన పాటలున్నాయి అందులో. వాటిలో ఇదీ ఉందేమోనని రాత్రి అనుమానమొచ్చి వెతికాడట. మీట నొక్కాడు. ముందు ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు. తర్వాత దగ్గు. తర్వాత ఒక ముసలి గొంతు, తీరిగ్గా, నవ్వుతూ అంది: "ఇది మా నాన్న మమ్మల్ని ఇంటికి పిలిచే పాట. మేమంతా మొదటి పిలుపుకే వచ్చేసేవాళ్లం. మా చెల్లెలు మాత్రం వచ్చేది కాదు. దానికోసం మళ్లీ మొదట్నించీ వాయించాల్సిందే."

ఆ తర్వాత అమ్మ పాట వచ్చింది.

ఆమె దాన్ని ఎన్నిసార్లు పెట్టించుకుందో మాస్టారు లెక్కపెట్టలేదు. సాయంత్రం భర్త వచ్చేసరికి కొట్టులో ఒక సోఫా సగం విప్పి ఉంది, గిటారు పెట్టెకు మఖమల్ సగం అంటించి ఉంది, భార్య మాత్రం స్టూలు మీద కూర్చుని గోడ వంక చూస్తోంది. సంగతి విన్నాక ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఒకే పాట రెండిళ్లలో ఉండకూడదా అన్నాడు. ఉండొచ్చు అంది ఆమె. చెల్లెళ్లు చాలామందికి ఉంటారు కదా అన్నాడు. ఉంటారు అంది. సెలవు పెట్టి ఆ ఊరికి తనూ వస్తానన్నాడు ఆయన.

వెంటనే వెళ్లలేదు. ఆమెకు ధైర్యం చాలలేదు. ఏదో ఒక పాట చేతికి వచ్చాకే వెళ్లాలని మొండిపట్టు పట్టింది. మాస్టారు దగ్గర పాత గిటారు ఒకటుంటే అది తెచ్చుకుని, పనయ్యాక కొట్టులోనే కూర్చుని నేర్చుకుంది. దారం గుంజీ గుంజీ గట్టిపడిన కుడిచేతి వేళ్లు తీగలను బాగానే మీటాయి. ఎడమ చెయ్యి మాత్రం గిటారు మెడ మీది మెట్లపై వంకర్లు తిరిగిపోయేది. ఈ చెయ్యి నాది కాదేమో, ఎవరిదో తగిలించారేమో అని విసుక్కునేది. తనకు బస్సు హారనే ఇంతకంటే శ్రుతిగా వినబడుతోందని భర్త అన్నాడు గానీ, అన్నం తిన్నాక ఇంకోసారి వాయించమని ఆయనే అడిగేవాడు. పాలు పితికే పాట వచ్చింది. రాళ్లు కొట్టే పాట అరకొరగా వచ్చింది. అమ్మ పాట రాలేదు. వర్షాలు తగ్గగానే, రాకపోతే పోయిందని బయల్దేరారు.

బస్సులో టికెట్టు కొనుక్కుని కూర్చోవడం ఆయనకు ఇబ్బందిగా ఉంది. ప్రతి స్టాపులోనూ ఎక్కేవాళ్లనూ దిగేవాళ్లనూ చూపుతోనే లెక్కేసుకుంటున్నాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. చెట్లు పొట్టివయ్యాయి, తర్వాత లేకుండా పోయాయి. గాలికి తడి వచ్చింది. మలుపు తిరిగేసరికి భూమి అంతా తెల్లబడింది.

ఉప్పుమళ్లు. అద్దపు పలకలు పరిచినట్టు నీళ్లు నిలిచిన చదరపు మళ్లు, కనుచూపు మేరదాకా. ప్రతి మడిలోనూ కాస్త ఆకాశం. గట్ల మీద కుప్పలు పోసిన ఉప్పు. బస్సు దిగి గట్టు మీద నడుస్తుంటే కిందా మబ్బులే, మీదా మబ్బులే. దూరంగా పార పట్టుకుని నిలబడ్డ మనుషులు ఏ ఆధారం లేకుండా గాలిలో నిలబడ్డట్టున్నారు. ఊరు తెల్లగా ఉండేదన్న అమ్మ మాట గుర్తొచ్చి, నవ్వినందుకు ఆమెకు ముఖం వేడెక్కింది. భర్త సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, ఆమె పక్కనే నడిచాడు.

నీలం తలుపు ఇల్లని మాస్టారు చెప్పాడు. తలుపు తీసినావిడ ఆమెకన్నా కాస్త పెద్దది, చేతులకు తడి, మొహం నిండా అనుమానం. ఉప్పు కొనాలంటే సొసైటీకి వెళ్లమంది. పాట కోసం వచ్చామంటే ఇంకా చిరాకుపడింది. నాన్న ఇప్పుడు వాయించడం లేదంది. పోయినేడాది పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిందంది. తలుపు మూయబోతూ, లోపలి నుంచి ఎవరొచ్చారని గొంతు వినబడేసరికి ఆగింది. రికార్డరులో విన్న గొంతే అది. కొంచెం ముద్దగా ఉంది.

ముసలాయన వసారాలో పడక్కుర్చీలో ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో దిండు మీద నిద్రపోతున్న పిల్లిలా పడి ఉంది. ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా ఆమెకు ఒక్కసారిగా ఎగిరిపోయింది. చివరికి నిలబడే, కళ్లు దించుకుని, అమ్మ రాగం మొదటి నుంచి చివరిదాకా తీసింది.

ఆయన అంతా విన్నాడు. "మూడో మలుపు తప్పు" అన్నాడు. "అక్కడ కిందికి దిగాలి. మా చెల్లెలు కూడా అక్కడే తప్పేది."

ఆయనే మళ్లీ, తొందరేమీ లేనట్టు అడిగాడు: "మీ అమ్మ దారిలో నడిచేటప్పుడు నిన్ను ఏ పక్కన నడవనిచ్చేది?"

"కుడిపక్కనే. ఎడమ పక్కకు వెళ్తే చెయ్యి పట్టి ఇటు లాగేది."

ఆయన ఎడమచేత్తో కళ్లు మూసుకున్నాడు. కూతురు కంగారుపడి దగ్గరికి వచ్చింది. ఏం లేదన్నట్టు తలూపి, ఆ వచ్చినావిడకు కుర్చీ వెయ్యమన్నాడు. తన కుడిపక్కన కాదు, ఎదురుగా, మొహం కనబడేటట్టు.

ఆ మధ్యాహ్నమంతా ఆయన చెబుతూనే ఉన్నాడు. మధ్యలో మాట తడబడితే కూతురు అందించింది. వాళ్ల నాన్న ఉప్పుమళ్లలో కూలీ. గిటారు ఎవరో ఓడవాడు వదిలేసి పోయినది. చెల్లెలికి నడక బాగా వచ్చిన ఏడు పెద్ద జ్వరం తగిలి ఎడమ చెవి పోయింది, కుడిచెవి కూడా కొన్నాళ్లు సగమే వినేది. సాయంత్రం సముద్రపు నీళ్లు మళ్లలోకి వదిలే ముందు నాన్న గుమ్మంలో కూర్చుని వాయిస్తే పిల్లలంతా పరుగెత్తుకొచ్చేవారు. ఆ పిల్ల మాత్రం అటు తిరిగి ఉప్పుతో ఆడుకుంటూ ఉండిపోయేది. ఒకరోజు నీళ్లు మోకాళ్లదాకా వచ్చేశాయి. ఎత్తుకొచ్చి పడుకోబెట్టాక నాన్న గిటారు తీసుకుని కూర్చున్నాడు. సన్నతీగల పలుకు దానికి అందడం లేదని అర్థమైంది. రోజుకు కాస్త చొప్పున లావు తీగలు దించుకుంటూ పోయాడు. ఊళ్లో గిటారు తెలిసినవాళ్లు నవ్వారు. ఒక సాయంత్రం, చివరి మడిలో ఉన్న పిల్ల తల తిప్పి ఇటు చూసింది. అంతే, ఆ తర్వాత నాన్న మళ్లీ ఆ తీగలు బిగించలేదు. చెవిటి పిల్ల కోసం దించాడని ఊరు దానికి చెవిటి శ్రుతి అని పేరు పెట్టింది. మిగతావాళ్లూ అలాగే వాయించడం నేర్చుకున్నారు, ఎందుకో మర్చిపోయారు.

ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. మరి ఎందుకు ఇచ్చేశారని అడిగింది. ఎంత మెల్లగా అడుగుదామనుకున్నా గొంతు గట్టిగానే వచ్చింది.

ఇవ్వలేదన్నాడు ఆయన. తమ అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. పిల్లలకు అంటుకుంటుందని డాక్టరు భయపెడితే, ఒక్కొక్కరినీ ఒక్కో చుట్టం ఇంటికి పంపారు. తక్కినవాళ్లంతా తిరిగొచ్చారు. చెల్లెల్ని తీసుకెళ్లిన పెద్దమ్మకు పిల్లల్లేరు. తెచ్చుకుందామని నాన్న వెళ్లేసరికి ఆ ఇంటికి తాళం ఉంది. ఎక్కడికి వెళ్లారో ఎవరూ చెప్పలేదు. పని దొరకని నెలల్లో నాన్న ఊళ్లు తిరిగి వెతికాడు. తిరగలేని వయసు వచ్చాక, పిల్లలు పెద్దవాళ్లయి పిలవాల్సిన పని లేకపోయినా, సాయంత్రం గుమ్మంలో కూర్చుని వాయించేవాడు.

కండక్టరు వసారా చివరికి వెళ్లి ఉప్పు కుప్పలకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆమెకు ఏడుపు రాలేదు. అక్కర్లేకే ఇచ్చారన్న మాట ఒక్కటే తలలో తిరుగుతోంది. ఆ మాట పట్టుకుని అమ్మ ఎన్నేళ్లు బతికింది! పేరు పెట్టి ఎవర్నీ పిలవకుండా, ఎవరి గుమ్మం ముందూ ఆగకుండా.

"అమ్మ ఇదేమీ తెలియకుండానే పోయింది మామయ్యా" అంది చివరికి. మామయ్యా అన్న మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు.

ఆయన ఆలోచించాడు. "తెలియకపోతే, నిన్ను ఆ పాటతోనే ఎందుకు పిలిచింది?" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది. వదిన, ఇంక ఆవిడ వదినే కదా, పక్కన కూర్చుని వీపు నిమిరింది. తలుపు మూయబోయినందుకు ఏమీ అనుకోవద్దంది. వదినలు మొదట తలుపే మూస్తారట కదా అని ఆమె కళ్లు తుడుచుకుంటూ అంటే, ఈ ఆడపడుచుకు అప్పుడే నోరు లేచిందని వదిన నవ్వింది.

ఎండ తగ్గాక మామయ్య గిటారు తెప్పించాడు. తీగలకు తుప్పు, చెక్కకు ఒక పగులు. చెవిటి శ్రుతిలోనే ఉంది. వాయించమన్నాడు. కుడిచెయ్యి వచ్చింది గానీ ఎడమ చెయ్యి రాలేదని ఆమె ఒప్పుకుంది. తనకు ఎడమ చెయ్యే మిగిలిందని ఆయన అన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కండక్టరు, ముందుకు జరగండి, ముందుకు జరగండి అంటూ స్టూలు తెచ్చి మామయ్య కుర్చీకి ఆనించి వేశాడు. గిటారు ఇద్దరి ఒళ్లలో సగం సగం పడింది. మెట్ల మీద ఆయన వేళ్లు, తీగల మీద ఆమె వేళ్లు.

మొదట ఒక్కటీ కుదరలేదు. ఆయన వేలు వచ్చేలోపే ఆమె మీటేసేది. వదిన ముఖం తిప్పుకుని నవ్వింది. చేతులకేసి చూడకు, నా ఊపిరి విను అన్నాడు మామయ్య. ఆమె కళ్లు మూసుకుంది. ముసలి ఊపిరి వస్తోంది, పోతోంది. దానితో పాటు మీటింది. బొటనవేలి కింద లావు తీగ మోగి, ఆ మోత గిటారు వీపులోంచి ఇద్దరి పొట్టల్లోకీ పాకింది. పాట కదిలింది. కుంటుతూ, ఆగుతూ, మూడో మలుపు దగ్గర కిందికి దిగి, చివరిదాకా నడిచింది. మళ్లలో పనిచేస్తున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు పారలు ఆపి ఇటు తిరిగి చూశారు.

ఆ తర్వాత వీలు చిక్కినప్పుడల్లా ఆమె ఉప్పుమళ్లకు వెళ్లేది. ఒకసారి మాస్టారు కూడా వచ్చి, ఇద్దరి చేతుల పాటను రికార్డు చేసుకుని, చెవిటి శ్రుతికి తాను ఊహించిన కారణం తప్పని తెలిసి పసిపిల్లాడిలా సంబరపడ్డాడు. పాట కన్నా మాటలే ఎక్కువసేపు సాగేవి. చెల్లెలి పసితనం తప్ప మామయ్యకు ఏమీ తెలియదు. అది తప్ప తక్కినదంతా ఈమెకు తెలుసు. అమ్మ ఏ కూర మాడ్చేది, ఏ మాటకు నవ్వేది, కోపమొస్తే వినబడని చెవి ఎలా ఇటు తిప్పేది, అన్నీ అడిగి అడిగి చెప్పించుకునేవాడు. చెవి తిప్పడం దగ్గర పగలబడి నవ్వి, చిన్నప్పుడూ అంతేనన్నాడు.

చలికాలంలో ఒకసారి ఆమె పనిముట్ల సంచీ కూడా తీసుకెళ్లింది. మామయ్య పడక్కుర్చీ గుడ్డ పీలికలై వేలాడుతుంటే చూడలేకపోయింది. ఆయన వద్దన్నా వినకుండా లేపి మంచం మీద కూర్చోబెట్టి, కుర్చీని విప్పేసింది. కొత్త గుడ్డ బిగించి కుట్టింది. చేతులు ఆనించే చోట మెత్తగా స్పాంజి పెట్టింది. ఆయన కూర్చుని, ఇటూ అటూ కదిలి, బాగుందనకుండా బాగోలేదనకుండా, తిన్నగా నిద్రలోకి జారిపోయాడు.

వదిన లోపల పనిలో ఉంది. ఇల్లంతా నిశ్శబ్దం. ఆమె గిటారు తీసుకుని, ఈసారి రెండు చేతులూ తనవే పెట్టి, మెల్లగా ఆ పాట మొదలుపెట్టింది. ఎడమచేతి వేళ్లు ఒక మెట్టు మీద తడబడి ఆగిపోయాయి. తల ఎత్తి చూసింది. మామయ్య కళ్లు మూసే ఉన్నాయి, ఊపిరి నిద్రలోలాగే సాగుతోంది. కొత్త గుడ్డ మీద ఆయన ఎడమచేతి వేళ్లు మాత్రం కదులుతున్నాయి. చూపుడువేలు కిందికి, ఉంగరపు వేలు పైకి, కాసేపు అక్కడే. ఆమె వాటినే చూస్తూ తన వేళ్లు అలాగే పెట్టి, తీగ మీటింది.